పతకానికి ముందు చదవాల్సిన వాక్యం

మా పెదనాయన పోయాడని పెద్దమ్మ ఫోను చేసినప్పుడు నేను తిరుపతిలో, యూనివర్సిటీలో, ఎం.ఏ. పిల్లల సెమినార్‌లో ఉన్నాను. "పొద్దన కాపీ తాగినాడుమే. పేపరు అడిగినాడు. తెచ్చేలోపల పోయినాడు" అంది. గొంతులో ఏడుపు లేదు. పేపరు అడిగిన మనిషి అది వచ్చేదాకా ఆగకపోవడం ఆమెకింకా అర్థం కానట్టుంది. పిల్లలకు ఏం చెప్పి బయటికొచ్చానో గుర్తులేదు. చిత్తూరు బస్సెక్కి కూర్చున్నాక, దుఃఖం కంటే ముందు ఇంకో సంగతి గుర్తొచ్చింది. అందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఇక ఆ పరిచయం నేను చదవాలి కదా అనుకున్నాను.

పెదనాయన సైన్యంలో కర్నల్‌గా రిటైరయ్యాడు. ఉద్యోగం చివరి ఏళ్ళలో వార్ కాలేజీలో పాఠాలు చెప్పాడు. అక్కడ చదువుకునేవాళ్ళు కుర్రవాళ్ళు కాదు, అప్పటికే చాలా ఏళ్ళు సర్వీసు చేసిన మేజర్లు. అక్కడ ఒక పద్ధతి ఉంది. కొత్త బ్యాచ్‌కు ఎవరు మొదటిసారి పాఠం చెప్పడానికి వచ్చినా, విద్యార్థుల్లో ఒక ఆఫీసరు లేచి, ఆయన ఎక్కడెక్కడ పనిచేశాడో, ఏ దళాన్ని నడిపాడో, ఏ పతకాలు వచ్చాయో చదువుతాడు. అది అయ్యేదాకా పాఠం చెప్పాల్సిన మనిషి పక్కన నిలబడి వినాలి.

ఈ ఎండాకాలం మొదట్లో ఆసుపత్రి మంచం మీద పెదనాయన నన్నొక పని అడిగాడు. తాను పోయాక మాజీ సైనికులు ఎలాగూ సంతాప సభ పెడతారు, అందులో తన పరిచయం నేనే చదవాలి, పతకం పేరు రాకముందే ఒక వాక్యం చదవాలి. తన తప్పు వల్ల ముగ్గురు జవాన్లు చనిపోయారన్నది ఆ వాక్యం. ఆ ముగ్గురిలో ఒకాయన భార్య మా జిల్లాలోనే, ఐరాల దగ్గర పల్లెలో ఉంటుంది. పెదనాయన ఏటా వెళ్ళి ఆమెను చూసి వచ్చేవాడు. సభకు ఆమెనూ పిలుస్తారు. ఆమె ఎదురుగా నిలబడి నేనా మాట చదవగలనా, చదవొచ్చా అన్నదే ఆయన పోయిన రోజు నుంచి సభ రోజు దాకా నన్ను పట్టుకున్న ప్రశ్న.

ఆ వార్ కాలేజీని నేనొక్కసారే చూశాను. డిగ్రీ చదివే రోజుల్లో, సెలవుల్లో, నాయనతో కలిసి వెళ్ళాను. పెదనాయన మమ్మల్ని వెంటబెట్టుకుని తిప్పాడు. పొడుగాటి వరండాలో గోడ వెంబడి పాఠాలు చెప్పే ఆఫీసర్ల ఫోటోలు, ఒక్కో ఫోటో కింద వాళ్ళ సర్వీసు చరిత్ర. ఒకాయన మంచు కొండల్లో ఏళ్ళ తరబడి ఉన్నాడు. ఒకాయన ఫిరంగి దళం. ఒకాయన మందుపాతరలు తీసే ఇంజనీరు. ఇంకొకాయన పరాయి దేశంలో శాంతి సేనతో పనిచేసి వచ్చాడు. నేను నోరు తెరుచుకుని చదువుతూ పోతుంటే పెదనాయన వెనకనుంచి, "ఆడ రాసిందంతా వాళ్ళు పోయొచ్చిన చోట్లు. పాఠంలో వచ్చేది మాత్రం, పోయి ఇంగా తిరిగి రాలేని చోటు" అన్నాడు. అప్పుడది నాకు ఏదో పెద్దవాళ్ళు అనే మాటలా వినిపించింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ ఫోటోల్లోని మనుషులే కనిపించారు. ఫిరంగుల ఆయనకు ఒక చెవి వినపడదు, అందుకని ఉప్పు అందించమని కూడా ఆజ్ఞాపించినట్టే అరిచాడు. మందుపాతరల ఆయన గడ్డి మీద నడవలేదు, మాతో మాట్లాడుతూనే సిమెంటు దారి పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చాడు. సిగ్నల్స్ విభాగం నుంచి వచ్చిన ఒక బక్కపలచని ఆయన ఉన్నాడు. ఆయనకు యుద్ధ పతకమేదీ లేదు. మిగతావాళ్ళు ఆయన్ని ఆటపట్టిస్తుంటే నాయన కూడా నవ్వి, పెదనాయన క్వార్టర్స్‌కు వచ్చాక, "ఆయప్ప పాఠం ఏం చెప్తాడన్నా, తుపాకి మోత గూడా ఇనలేదంటనే" అన్నాడు. పెదనాయన నవ్వలేదు. "ఆయన కింద ఒక్కడు గూడా సావలేదంటరా. అంతకంటే ఏం పతకం గావాల?" అన్నాడు. 

ఆయన్ని మహానుభావుడని రాయడం నాకిష్టం లేదు. ఆయనకూ నచ్చదు. కాఫీ ఆలస్యమైతే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాడు. పతకాన్ని గాజు పెట్టెలో, హాల్లో, వచ్చినవాళ్ళకు మొదట కనిపించే చోటే పెట్టుకున్నాడు. దాని మీద దుమ్ము పడితే పెద్దమ్మకు చివాట్లు. కానీ నేను పి.హెచ్.డి.లో చేరతానన్నప్పుడు, పెళ్ళి వయసు దాటిపోతోందని నాయన మొండికేస్తే, చిత్తూరు నుంచి పొద్దున్నే వచ్చి మా ఇంట్లో కూర్చుని, "దాని మానాన దాన్ని సదువుకోనీరా" అని చెప్పి, నాయన సరేననే దాకా లేవని మనిషి కూడా ఆయనే. పట్టా వచ్చాక మాత్రం అందరి ముందూ నన్ను "సూది ఎయ్యని డాక్టరు" అని పిలిచేవాడు. ఈ రోజు నేను నిలబడి పాఠం చెప్పుకుంటున్నానంటే ఆ పొద్దు ఆయన లేవకుండా కూర్చోవడం వల్లే.

ఆయనకొక అలవాటు. ఏ దారిన వెళ్తే ఆ దారిన తిరిగి వచ్చేవాడు కాదు. కూరగాయల మార్కెట్టుకు ఒక వీధిన వెళ్ళి ఇంకో వీధిన వచ్చేవాడు. చుట్టైనా సరే, ఎండైనా సరే. ఒకసారి ఆటోలో నేనూ ఉన్నాను. తిరుగు ప్రయాణంలో ఇంకో దారి పట్టమంటే ఆటో అతను వెనక్కి తిరిగి, "ఏం సారూ, చుట్టు తిప్పాల్సినోణ్ణి నేను గదా. నా పని మీరు చేస్తాండారే" అన్నాడు. పెదనాయన పగలబడి నవ్వాడు. తిరుమలంటే ఆయనకు ఇష్టం, భక్తి ఎంతో నాకు తెలియదుగానీ, ఘాట్ రోడ్డు మాత్రం ఇష్టం. "ఎక్కేదానికొకటి, దిగేదానికొకటి. ఎవురు ఆలోచన చేసినారో గానీ మహానుభావుడు. మాకు దాన్ని చెప్పి చెప్పి పంపించినా బుర్రకెక్కలా" అనేవాడు. మేమంతా అది పాత సైనికుడి చాదస్తం అనుకునేవాళ్ళం.

అది చాదస్తం కాదని కొన్నేళ్ళ కిందట తెలిసింది. ఏర్పేడు దగ్గరున్న ఒక కాలేజీలో నాయకత్వం గురించి మాట్లాడమని ఆయన్ని పిలిచారు. నా కారులో తీసుకెళ్ళాను. అక్కడ ఒక విద్యార్థి మైకు ముందుకొచ్చి ఆయన సర్వీసు చరిత్ర చదివాడు. ఈశాన్య కొండల్లో, మాటుకాసిన శత్రువులు చుట్టుముట్టినప్పుడు, తొడలో తూటా దిగినా వెనక్కి తగ్గక, తన మనుషుల్ని బయటికి తెచ్చిన వీరుడని చదివాడు. చప్పట్లు మోగాయి. పెదనాయన చేతులు వెనక్కి కట్టుకుని నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. అది వినయమనుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు కారు గేటు దాటగానే, "వచ్చిన దావన వద్దు" అన్నాడు.

"పెట్రోలు నీ పెన్షన్లోంచి పోస్తావా పెదనాయనా?"

నవ్వాడు. కాస్త దూరం వెళ్ళాక అన్నాడు: "ఆ పిలకాయ సదివినాడే, మాటుగాసినోళ్ళని ఎదిరించినానని. ఆ మాటులోకి మావోళ్ళని తీసకపోయిందెవురో సదవలేదు."

"ఎవరు?"

"నేనే."

ఆ తర్వాత ఆయన చెప్పింది నా మాటల్లో చెప్తాను. కొండల్లో రోజుల తరబడి గాలింపు చేసి ఆయన దళం స్థావరానికి తిరిగి వస్తోంది. ఒకటే వాన. జవాన్లలో ఒకతనికి ఒళ్ళు కాలిపోయే జ్వరం, అడుగు తీసి అడుగు వేయలేకపోతున్నాడు. అతను మన జిల్లా మనిషి, ఐరాల దగ్గరివాడు. వెనక్కి రావడానికి రెండు దారులున్నాయి. ఒకటి వాళ్ళు వెళ్ళిన దారి, దగ్గర. రెండోది గట్టెక్కి దిగే దారి, చాలా దూరం. వెళ్ళిన దారిన తిరిగి రాకూడదన్నది సైన్యంలో చేరినవాడికి మొట్టమొదట నేర్పే పాఠాల్లో ఒకటి, ఎందుకంటే వెళ్ళేటప్పుడు చూసినవాడు వచ్చేటప్పుడు కాచుకుని ఉంటాడు. పెదనాయనకు అది తెలుసు. తెలిసే దగ్గర దారి పట్టించాడు.

"ఇంత వానలో ఎవురుంటార్లే అనుకున్నా" అన్నాడు. "వాళ్ళు ఆడ పుట్టినోళ్ళు. మాకది వాన. వాళ్ళకది గొడుగు."

ముగ్గురు పోయారు. జ్వరంతో ఉన్న మనిషీ, అతనికి చెరోపక్క భుజం పట్టిన ఇద్దరూ. మిగిలినవాళ్ళను పెదనాయన నిజంగానే కాపాడాడు. పతకం అబద్ధం కాదు.

వార్ కాలేజీలో పెద్ద గదిలో ఇసుకతో కొండలు, వాగులు కట్టి, దాని చుట్టూ నిలబడి పాఠం చెప్తారు. పెదనాయన ఆ కొండనే కట్టించేవాడు, ఊరు పేరు మార్చి. వాన, జబ్బుపడ్డ మనిషి, రెండు దారులు. మీరైతే ఏం చేస్తారని అడిగేవాడు.

"ప్రతి బ్యాచ్‌లో ఒకడుండేవాడుమే. వచ్చిన దావనే పోదాం సార్, ఈ వానలో ఎవురుంటారు అనేవాడు. నా మాటే, నా నోట్లోనించి తీసుకున్నట్టు."

"అప్పుడేం చేసేవాడివి?"

"మూడు అగ్గిపుల్లలు తీసి ఇసకలో గుచ్చేవాణ్ణి."

"అది నీ కథే అని చెప్పినావా?"

"లేదు." కారు కిటికీ అద్దం కొంచెం దించాడు. "పాఠానికి ముందర పతకం సదివేవాళ్ళు. పాఠంలో అగ్గిపుల్లలు. రెండూ ఒక పొద్దే జరిగినాయని ఆ గదిలో నాకొక్కడికే తెలుసు."

ఆసుపత్రిలో ఆయన అడిగింది దీన్ని సరిచేయమనే. ఎలా చదవాలో కూడా చెప్పాడు. జ్వరంతో నడవలేని జవాను కోసం, వెళ్ళిన దారినే దళాన్ని వెనక్కి నడిపించి, ముగ్గురి చావుకు కారణమయ్యాడు. బడిపిల్లతో చెప్పించినట్టు నాతో మళ్ళీ చెప్పించాడు. "ఇన్నేళ్ళూ నువ్వే చెప్పొచ్చు కదా, ఇప్పుడెందుకు పెదనాయనా?" అంటే, "ఈసారి పక్కన నిలబడి ఇనే పని లేదు గదా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అందులో ధైర్యం ఎంతో, తప్పించుకోవడం ఎంతో నాకిప్పటికీ తేలలేదు.

పోయాక సంగతి పెద్దమ్మతో చెప్పాను. ఆమెకు ఆ కథంతా తెలుసు. వంటింట్లో చింతపండు పిసుకుతూ, తల ఎత్తకుండా, "వద్దుమే" అంది. "బతికినన్నాళ్ళూ ఆయన మింగినాడు, నన్నూ మింగమన్నాడు. నిద్దర్లో ఆ ముగ్గురి పేర్లు పెట్టి పిలస్తాంటే లేపి నీళ్ళు తాపింది నేను. ఇప్పుడు పోయినాక గూడా అందురూ ఆయన్ని వేలు పెట్టి చూపించాల్నా? అది సదివితే నేను సభకి రాను."

సభ ఏర్పాట్లు చూస్తున్న రిటైర్డ్ సుబేదారు కూడా ఫోనులో అదే అన్నాడు. "రికార్డులో లేంది మనమెందుకు సదవాల మేడం? ఆ ఐరాలామె గూడా వస్తాది. ఆయమ్మ మనసు కష్టపెట్టేదెందుకు?"

నాకూ అదే భయం. చనిపోయిన మనిషి మాట నిలబెట్టడానికి బతికున్న మనిషి గుండెలో గునపం దింపొచ్చా? మొగుడు వీరుడి పక్కన వీరుడిలా పోయాడనుకుని బతుకుతున్న ఆమెకు, కాదు, ఒక దారి ఎంచుకోవడంలో పొరపాటు వల్ల పోయాడని మైకులో చెప్పడానికి నేనెవర్ని? తేల్చుకోలేక, సభకు ముందు ఆమె దగ్గరికే వెళ్ళాను. ఐరాలలో బస్సు దిగి ఆటో పట్టుకుని పల్లె చేరేసరికి సాయంత్రం పాలు పితికే వేళ. ఆమె ఆవు దగ్గరుంది. గోడకు యూనిఫాంలో ఉన్న ఆమె భర్త ఫోటో. ఎంత చిన్నవాడో. ఆమెకిప్పుడు కొడుకంత.

"కర్నలు పోయినాడంట గదా" అంది, పొదుగు కడుగుతూనే. "ఊర్లో చెప్పినారు."

సభకు వస్తారా అక్కా అని అడిగాను. వస్తానంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "పెదనాయన సభలో ఒక మాట చదవమన్నాడు" అన్నాను.

"దావ మాటేనా?"

 ఆమె చెంబు పక్కన పెట్టి వచ్చి అరుగు మీద కూర్చుంది.

"ఉద్యోగం ఇడిసిపెట్టి వచ్చినాక మొదటిసారి వచ్చినప్పుడే చెప్పినాడు. ఈడే కూర్చున్నాడు, ఈ అరుగు మీద. నేను అప్పుడే గడ్డి కోసకొచ్చినా, కొడవలి చేతిలోనే ఉండాది. ధైర్యం గలోడే ఆయప్ప." చిన్నగా నవ్వింది. "కొడవలి ఆడ పారేసి లోపలికి పోయినా."

"తర్వాత కూడా ఏటా వచ్చేవాడు కదా."

"వచ్చినాడు. నీళ్ళిచ్చినా. మాటియ్యలా."

"తప్పు చేసినాడనా అక్కా?"

"తప్పు ఎవురు చెయ్యరు పాపా? చెప్పిన తీరు చూడు. జరమొచ్చినోడు నడవలేకపోయినాడమ్మా, వానికోసరమని దగ్గిర దావన తీసకపోయినా, అన్నాడు. అంటే ఏంది? మా ఇంటాయనకి జరం రాకపోతే ఆ మిగిలినోళ్ళిద్దురూ బతికుందురనా? ఆ పొద్దు నించి పండుకుంటే అదే. ఆ ఇద్దురి పెండ్లాలు యాడుండారో, నా మొగుడి జరాన్ని తిట్టుకుంటా ఉండారేమో అని."

పెదనాయన నాకు నేర్పిన వాక్యం మొదలయ్యేదే జ్వరంతో. ఆమెకు ఆ సంగతి చెప్పలేదు. పెదనాయన మనసులో ఆ జ్వరం కారణమో, సాకో, లేక ఆ జవాను మీద తనకున్న ప్రేమో ఆయనకే తెలియాలి. ఆమె దగ్గరికి వచ్చేసరికి అది నింద అయింది. అన్నేళ్ళు ఆయన వచ్చి ఆ అరుగు మీద కూర్చుని నీళ్ళు తాగి వెళ్ళాడు, ఆ సంగతి తెలియకుండా.

"చదవమంటారా, వద్దా?" అన్నాను.

"సదువు. జరం మాట తీసెయ్. దావ మాట సదువు."

"అందరి ముందూ వినగలరా అక్కా?"

ఆమె నా వైపు తిరిగింది. "ఆ పతకం అందురి ముందరా పెట్టినారు ఆయప్పకి. తప్పు మాత్రం నాకొక్కదానికి, ఈ అరుగు మీద చెప్పి పోయినాడు. నేనొక్కదాన్నే ఎందుకు మొయ్యాల?"

ఆవు అరిస్తే లేచి వెళ్ళిపోయింది.

చిత్తూరు వచ్చేదాకా బస్సులో ఆలోచిస్తూనే ఉన్నాను. జ్వరం నిజం. అది తీసేస్తే ఆయన వాక్యం నేను కత్తిరించినట్టే. నేను చరిత్ర చెప్పేదాన్ని, జరిగినదాంట్లోంచి ఒక ముక్క తీసేయొద్దని పిల్లలకు చెప్పేదాన్ని. కానీ దారి ఎంచుకున్నది జ్వరం కాదు, మనిషి. ఇది న్యాయమైన వాదనో, నన్ను నేను ఒప్పించుకోవడమో నాకు ఇప్పటికీ సందేహమే.

ఆమె అన్న మాటలన్నీ పెద్దమ్మకు చెప్పాను.  "ఏటా ఐరాల పోయొచ్చి, ఆయమ్మ బాగుండాది అనేవాడుమే. మాట్లాడలేదని నాకు ఒక్కసారి గూడా చెప్పలా" అంది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "ఆయమ్మకి ముందు వరసలో కుర్చీ ఎయ్యమని చెప్పు సుబేదారుకి" అంది.

సభ చిత్తూరులో ఒక చిన్న హాల్లో జరిగింది. మాజీ సైనికులు కోట్లకు పతకాలు తగిలించుకుని వచ్చారు. పెద్దమ్మ వచ్చింది. ఐరాల నుంచి ఆమె వచ్చింది, ఉతికిన నేత చీర కట్టుకుని. నేను మైకు ముందు నిలబడి, ఆయన పుట్టిన ఊరూ, చేరిన దళమూ చదివి, ఈశాన్య కొండల దగ్గరికి వచ్చాను. "అక్కడ, వెళ్ళిన దారిన తిరిగి రాకూడదని తెలిసి కూడా, దళాన్ని ఆ దారినే నడిపించి, ముగ్గురు జవాన్ల చావుకు కారణమయ్యాడు" అని చదివాను. ఆ ముగ్గురి పేర్లూ చదివాను. ఎక్కడో ఒక కుర్చీ కిర్రుమంది. వెనక వరసలో ఎవరో పక్కనున్నవాళ్ళను ఏమందని అడిగారు. ఆ తర్వాతే పతకం పేరు చదివాను. వార్ కాలేజీలో పాఠాలు చెప్పాడని చదివి ముగించాను. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

సుబేదారు లేచి, స్వర్గస్థులైన కర్నల్ గారికి మౌనం పాటిద్దాం, అందరూ నిలబడండి అన్నాడు. కుర్చీలు జరిగాయి. హాలంతా లేచి నిలబడింది, పెద్దమ్మతో సహా. ముందు వరసలో ఐరాలామె ఒక్కతే లేవలేదు. సుబేదారు ఆమె వైపు చూసి, ఏదో అనబోయి, ఆగిపోయాడు. నిలబడ్డ అంతమంది మధ్య, వీపు కుర్చీకి ఆనించకుండా, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, దండ వేసిన పటంలోని పెదనాయన ముఖంలోకి సూటిగా చూస్తూ ఆమె కూర్చునే ఉంది.